ఏమిడుస్తవ్?

చక్... చక్... చక్...

సిద్దిపేటలో మా సందు మలుపు తిరగకముందే ఆ చప్పుడు వినిపించేది. నూలు రాక మగ్గాలన్నీ మూగబోయిన రోజులవి. ఆ నిశ్శబ్దంలో పిట్ట ఒకటి గింజ కోసం నేలను పొడుచుకుంటున్నట్టుండేది. దగ్గరికి వెళితే పిట్ట కాదు, కత్తెర. కత్తెర వెనక దర్జీ కాశయ్య. బట్ట మీద పెట్టే ముందు దాన్ని ఏడెనిమిదిసార్లు ఉత్త గాలిలో ఆడించేవాడు. గాలికి కంట్రోలు లేదు కదా.

కాశయ్యకు ఒక్కటే జబ్బు. ఎవరేం కావాలన్నా సరే అనడు, కాదనడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి "ఏమిడుస్తవ్?" అంటాడు.

యుద్ధం ఐదో ఏట పడింది. కంట్రోలు దుకాణంలో కార్డు చూపిస్తే మనిషికింత అని కొలిచి ఇచ్చే బట్ట ఎవరికీ నిండు అంగీకి చాలేది కాదు. కాలరు కావాలంటే జేబు ఇడవాలి. నిండు చేతులు కావాలంటే కాలరు ఇడవాలి. ఏడాది తిరిగేసరికి మేము ఊళ్లో మనుషులను ముఖం చూడకుండానే గుర్తుపట్టేవాళ్లం. మెడ బోసిగా ఉంటే పోస్టాఫీసు ఆయన. బొడ్డు దగ్గరే అంగీ అయిపోతే పప్పుల వ్యాపారి. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అయితే కల్లు కాంట్రాక్టరు. ఆ పొడుగుది అధికారులకు సలాము చేసే చెయ్యి.

ఇడవడమంటే మా వైపు వదులుకోవడమూ అవును, ఒంటి మీది బట్ట విప్పడమూ అవును. ఆ సంగతి కొండపాక నుంచి వచ్చిన దుబ్బయ్యకు ప్రాణం మీదికి తెచ్చింది. పాపం, కాశయ్య దగ్గరికి రావడం అదే మొదలు.

"అంగీ కుట్టాలె," అన్నాడు దుబ్బయ్య.

"ఏమిడుస్తవ్?"

దుబ్బయ్య అటూ ఇటూ చూసి రుమాలు తీసి పక్కన పెట్టాడు.

"గది కాదు. ఏమిడుస్తవ్?"

పాత అంగీ విప్పాడు. కాశయ్య ఇంకా చూస్తూనే ఉన్నాడు. దుబ్బయ్య చెయ్యి మెల్లగా ధోవతి ముడి మీదికి పోయింది.

"అన్నా, కొలత అంగీకే గదనే," అన్నాడు దీనంగా. "గీ బజాట్ల గిది గూడ ఇడువాల్నా?"

ఆ రోజు నుంచి కొండపాక వాళ్లు ఇద్దరేసి వచ్చేవారు. ఒకడు కొలతలకు, ఇంకొకడు ధోవతి పట్టుకోవడానికి.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకనాడు భార్య బుచ్చవ్వ చింతపండు ముద్ద తెచ్చి చూపించింది.

"గింతే మిగిలింది. చారు చెయ్యాల్నా, తొక్కు నూరాల్నా?"

"రెండూ అయితె రావు. ఏమిడుస్తవ్?"

"నిన్నిడుస్త."

కాశయ్య దానికి కోపం తెచ్చుకోలేదు. నిజంగానే లెక్క వేశాడు. "నన్నిడుస్తె రేపు చింతపండు తెచ్చేటోడు ఉండడు. గిట్టుబాటు గాదే నీకు," అన్నాడు. ఆమె రెండూ మానేసి మజ్జిగ పోసింది.

ఊరందరినీ ఏమిడుస్తవని అడిగే మనిషి తాను ఇడవనిది ఒకటుంది. అంగడి వెనక భాగానికి వేలాడే పచ్చచారల పరదా. యుద్ధానికి ముందు కొన్నది. మందంగా, మెరుస్తూ, వానకు తడిసిన జొన్నచేనులా ఉండేది. దాని వెనక్కి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. మిగిలిన ముక్కలు అటే పోతాయనీ, అక్కడ ఒక గంప ఉందనీ, గంప నిండగానే హుస్నాబాద్ అంగట్లో అమ్ముకుంటాడనీ ఊళ్లో గుసగుస.

రాంచందర్ రావు దొరకు ఎక్కడిదో ఆకాశపు రంగు బట్ట దొరికింది. షేర్వాణీ కుట్టమన్నాడు.

"గీ బట్ట సాలది దొరా. ఏమిడుస్తరు?"

"ఎవనితోని మాట్లాడుతున్నవో ఎరుకేనా? ఏం ఇడువ. తక్కువ పడ్తే నీ పరదా కోసి కలుపు."

"పరదా నేనిడువ దొరా. మీరు వీపిడువున్రి."

చివరికి దొర వీపే ఇడిచాడు. షేర్వాణీ ముందంతా ఆకాశం, వెనకంతా ఎర్రగీతల పాత దుప్పటి. అది తొడుక్కున్న రోజున దొర ఎవరికీ వీపు చూపలేదు. కచేరీలోంచి వెనక్కి వెనక్కి నడుస్తూ, నవ్వుతూ బయటికి వచ్చాడు. ఎంత మర్యాద, నవాబుల దగ్గర నేర్చుకున్న నడక అని జనం మెచ్చుకున్నారు. ఇద్దరు గుమాస్తాలు అది నేర్చుకోబోయి మెట్ల మీద పడ్డారు కూడా.

ఇక నా సంగతి. నాది హుస్నాబాద్. సిద్దిపేట బడిలో లెక్కలు చెప్పడానికి వచ్చి, కాశయ్య అంగడి పక్క గదిలో కిరాయికి ఉండేవాడిని. ఉద్యోగం అప్పటికి గాలిలో దీపం. తనిఖీ నాటికి నా తరగతిలో ముప్ఫై మంది పిల్లలు లేకపోతే నా జాగ తీసేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. నా దగ్గర ఉన్నది ఇరవై నాలుగు. చదవాలని పిల్లలు లేక కాదు. ఒంటి మీద అంగీ లేనివాళ్లు బడిలో కూర్చోరాదని మా పెద్ద పంతులు నియమం.

పత్తి ఏరే కూలి ఎల్లవ్వను బతిమాలాను, నీ బిడ్డను పంపమని.

"పంపుదును పంతులూ. కార్డు మీద ఒక్క చీర అచ్చింది. గది నేనిడిసి దానికి కట్టాల్నా? పత్తి ఏరుడు మాది, బట్ట తొడుగుడు మీది."

పిల్లలు ఎలాగూ దొరకరు, కనీసం నేనైనా శుభ్రంగా కనిపిస్తే ఇన్‌స్పెక్టరు మనసు కరగవచ్చనుకుని, దాచుకున్న రెండున్నర గజాలు పట్టుకుని కాశయ్య ముందు నిలబడ్డాను.

"ఏమిడుస్తవ్ పంతులూ?"

"నేను లెక్కల పంతుల్ని మామా. కాయితం మీద వేసుకునొచ్చిన. కాలరు, నిండు చేతులు, జేబు, అన్నీ వస్తయ్."

నా కాగితం తీసుకుని శ్రద్ధగా చూసి, దాంతోనే కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"లెక్క మంచిగున్నది. జేబిడువు."

"ఎందుకిడవాలె? బట్ట మిగులుతున్నది."

"బట్ట మిగిల్తది. నీ జేబుల ఏముంటది?"

"...గాలి."

"గాలికి గంత బట్టెందుకు?"

జేబు లేని అంగీ కుట్టి ఇచ్చాడు. నేను చూస్తుండగానే జేబంత ముక్క పరదా వెనక్కి పోయింది. ఆ రోజు ఊరి గుసగుసల్లో నా గొంతు కూడా కలిసింది.

తనిఖీ రోజు పొద్దున ఇన్‌స్పెక్టరు సాబు వచ్చి చాయ్ తాగుతున్నాడు. పక్కన ఊరి పెద్దగా రాంచందర్ రావు దొర, ఆకాశపు షేర్వాణీలో, వీపును గోడకు గట్టిగా ఆనించి కూర్చున్నాడు. నేను హాజరు పట్టీ పట్టుకుని ఇరవై నాలుగును నాలుగు రకాలుగా లెక్కపెట్టాను. ఏ రకంగానూ ముప్ఫై కాలేదు.

అప్పుడు వినిపించింది, వీధిలోంచి. చక్... చక్... చక్...

ముందు కాశయ్య, గాలిని కత్తిరిస్తూ. వెనక వరుసగా ఆరుగురు పిల్లలు. ఆరుగురికీ అంగీలు. తుమ్మెదలు వాలిన పూలతోటకు కాళ్లొచ్చినట్టున్నారు. ఒకడి భుజం కల్లు కాంట్రాక్టరు చెయ్యి. ఒకడి వీపు పప్పుల వ్యాపారి బొడ్డు. పోస్టాఫీసు కాలరు రెండుగా చీలి అన్నదమ్ములిద్దరికీ పంపకమైంది. ఎల్లవ్వ బిడ్డ పోచవ్వ అందరికంటే ముందుంది. మెడ చుట్టూ ఆకాశం. గుండె మీద నా జేబు. అందులో అప్పటికే నాలుగు రేగుపళ్లు.

"అంగీలున్నయ్ గద పంతులూ," అన్నాడు కాశయ్య పెద్ద పంతులుతో. "పేర్లు రాసుకోన్రి."

నియమం ఆయనదే, కాబట్టి రాయక తప్పలేదు.

దొర కళ్లు పోచవ్వ మెడ మీద ఆగాయి. కుర్చీలోంచి సగం లేచాడు.

"గా నీలం ముక్క..."

"ఏమైంది రావు సాబ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బట్ట నాదని దొర అన్నాడంటే కాశయ్య దొంగ, పిల్లలు బయట, నేనూ బయటే. కాని అది తన వీపున పడాల్సిన బట్టేనని రుజువు చేయాలంటే దొర వెనక్కి తిరగాలి. వెనక ఎర్రగీతల దుప్పటి ఉంది. దొర కాశయ్య వంక చూశాడు. కాశయ్య కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చాడు. పెదవులు కదలకపోయినా ఏమడుగుతున్నాడో మా ఇద్దరికీ వినిపించింది.

"ఏం లే," అని దొర మెల్లగా మళ్లీ గోడకు ఆనుకున్నాడు. "పోరి మెడకు మంచిగున్నది అంటున్న."

ఇన్‌స్పెక్టరు లెక్కపెట్టాడు. ముప్ఫై.

సాయంత్రం అంగడికి పోయాను. ఏమనాలో తెలియక, తిట్టడంతోనే మొదలుపెట్టాను.

"అడిగి తీసుకోవచ్చు గద మామా. జేబు బట్ట నేనే ఇద్దును."

"నువ్విద్దువు. దొరనడుగుతె ఇచ్చునా? అందుకే అందరినీ ఒక్క తీరుగ అడిగిన, ఏమిడుస్తవని. ఎవలకోసమో చెప్పలె, గంతే." మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆలోచించాడు. "దొరకు ముందటికెళ్లి మొక్కుతరు పంతులూ. వీపెవలు సూస్తరు?"

"మరి హుస్నాబాద్ అంగట్ల అమ్ముతవని ఊరంతా..."

"అననీ. పోరగాండ్ల కోసమని తెలిస్తె కొందరు పాత గుడ్డలు తెచ్చి పడేద్దురు. నాకు మంచి బట్ట గావాలె."

బుచ్చవ్వ లోపలి నుంచి అరిచింది. "నా రైక చేతులు గూడ గా గంపలనే పోయినయ్ పంతులూ. గది గూడ అడుగు."

కాశయ్య చాలా శ్రద్ధగా సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు.

యుద్ధం ముగిసింది గాని బట్ట కరువు ముగియలేదు. రెండేళ్ల తర్వాత నాకు హుస్నాబాద్ బడికి పెద్ద పంతులుగా బదిలీ అయింది. చలికాలపు పొద్దు. పొగమంచులో ఎద్దుల గంటలు మోగుతుంటే బండెక్కబోతున్నాను. చక్ చక్ మని చప్పుడు, ఆ వెనక కాశయ్య. చేతిలో మడతపెట్టిన అంగీ.

అక్కడే తొడిగించాడు. నిండు కాలరు. మణికట్టు దాటే చేతులు. మోకాళ్ల దాకా పొడుగు. జేబులు ఒకటి కాదు, రెండు. ఆ కరువులో అంత నిండు అంగీ సిద్దిపేటలో ఇంకెవరి ఒంటి మీదా లేదు. తడిమి చూస్తే మందంగా ఉంది. పచ్చచారలు.

అంగడి వైపు తల తిప్పాను. పరదా లేదు. వెనక గంప ఊరందరికీ కనిపిస్తోంది. బుచ్చవ్వ దాని పక్కనే కూర్చుని, పక్కింటావిడకు ఏ ముక్క ఎవరిదో చెబుతోంది.

"ఇగ దాసేదేమున్నది," అన్నాడు కాశయ్య, నేనడగకుండానే.

ఎన్నేళ్ల నుంచో అతని ప్రశ్నకు జవాబు చెబుతూ వచ్చినవాడిని. ఆ పొద్దున మాత్రం నేనే ముందు అందుకున్నాను.

"ఇన్ని కుట్టినవ్ గద మామా. మరి నన్నేమిడువమంటవ్?"

అతను కత్తెరను ఒకసారి గాలిలో ఆడించి, చంకలో పెట్టుకుని, నా కాలరు సరిచేశాడు.

"ఈ పారికి ఏమిడువకు పంతులూ. గుండీలన్ని వెట్టుకో, బండ్ల సలి కొడ్తది."