తీతువు మోసిన ఆకాశం

పట్నం అంచున యాప్రాల్‌లో ఇళ్లకన్నా చేలు ఎక్కువున్న రోజుల్లో, మా బావ జొన్న కోసేసిన చేలో ఒక తీతువు గుడ్లు పెట్టింది. గూడూ లేదు, పుల్లా లేదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంట, అందులో రాళ్లలాగే ఉన్న నాలుగు మచ్చల గుడ్లు.

బావ అప్పటికే మంచం పట్టాడు. వేపచెట్టు కింద మంచం వేయించుకుని రోజంతా ఆ పిట్టనే చూసేవాడు. ఎండ ముదిరితే అది కుంట దాకా పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద నిలబడేది. కుక్క వస్తే రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, దాన్ని తన వెంట దూరంగా తిప్పుకుపోయి తుర్రుమనేది.

“నీ చుట్టమే బామ్మర్దీ, అబద్ధాల మీద బతుకుతది” అని నవ్వేవాడు బావ.

అక్కకు మాత్రం ఆ పిట్ట అరుపు వింటే భయం. తీతువు కూసిన ఇంట్లో మనిషి దక్కడంటారు కదా. “రేపే ట్రాక్టర్ పిలిచి దున్నిస్తా. గుడ్లు పోతే అదే పోతది” అంది.

ఆ ఆదివారం నేను పట్నంలో నేనుండే పద్మారావు నగర్ నుంచి వెళ్లగానే బావ చెయ్యి పట్టుకున్నాడు. “పిల్లలు బయటికొచ్చేదాంక చూడాలనున్నది. అక్కకు ఏదన్న చెప్పు. నీ కతలు గిప్పుడు గాకుంటే ఇంకెప్పటికి?”

చెప్పాను. “అక్కా, తీతువు వెల్లకిలా పండుకుని కాళ్లతో ఆకాశాన్ని మోస్తది. గుడ్లు తీస్తే అలిగి కాళ్లు దించుతది. ముందుగాల యాప్రాల్ మీదనే పడ్తది. మా పద్మారావు నగర్‌కేం గాదు, కరెంటు స్తంభాలున్నయ్.”

“నీ నోట్ల మన్ను వడ!” అంది అక్క. కానీ ట్రాక్టర్ రాలేదు.

పిల్లలు రాకముందే బావ పోయాడు.

దినాలు అయ్యాక, మబ్బు పట్టిన రోజు ట్రాక్టర్ వచ్చింది. గుడ్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఇక ఆపేదెవరని నేను ఊరుకున్నాను. అక్క వెళ్లి చేను మధ్య నిలబడింది.

“జెర పక్కకు తిప్పు బిడ్డా.”

“గుడ్లే గదమ్మా?” అన్నాడు డ్రైవరు.

“వద్దు. ఆకాశం కింద పడ్తది.”

అతను నావైపు చూశాడు. నాకు నవ్వు రాలేదు.

పిట్ట మా తలల మీద అరుస్తూ తిరుగుతోంది. అక్క తలెత్తింది.

“మల్ల ఎవర్ని పిలుస్తున్నవే? ఇంట్ల ఇంకెవరున్నరు?”