పొట్టి తూటాలు

ఆ తుపాకీని నేను పాడుచేయలేదు. నేనే పాడుచేశానని బహ్లాలో ఒక ఇంటివాళ్ళు చెప్పుకున్నారు, ఊరు నమ్మింది. ముందు ఈ ముక్క రాసిపెట్టి తర్వాతే మిగతాది రాస్తున్నాను. ఎందుకంటే మిగతాది మొదలుపెట్టగానే "పోనీలెండి, ఎవరు చేస్తేనేం" అనే మెత్తటి మనుషులు నాకు చాలామంది తగిలారు. చేసిన పనిమీద పడ్డ మాట పోనీలే అంటే పోదు.

నేను జగిత్యాల వైపు నుంచి వచ్చినవాణ్ణి. అరబ్బు దేశంలోని ఈ బహ్లాలో ఖర్జూరం తోటలకు నీళ్ళ మోటార్లు బాగుచేసే షాపులో నా వయసంతా పోయింది. బడికి వెళ్ళింది తక్కువ. ఇంగ్లీషు డబ్బాల మీద రాతలు చూసి నేర్చుకున్నాను, అరబ్బీ అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి. పని మాత్రం ఎవరూ నేర్పలేదు. విప్పి చూడటం, ఎందుకు ఆగిందో తెలిసేదాకా మళ్ళీ బిగించకపోవడం, అదే నా చదువు.

షాపు యజమాని ముసలాయన. ఆయన్ని అందరం పెద్ద అర్బాబ్ అనేవాళ్ళం. నన్ను ఆయన ఉస్తాద్ అని పిలిచేవాడు. మాలాంటివాళ్ళందరికీ అక్కడ ఒకటే పిలుపు, రఫీక్. కొట్లోవాడు, పోలీసు, రోడ్డు మీద పిల్లవాడు కూడా రఫీక్ అనే పిలుస్తాడు. ఆయన ఒక్కడే ఉస్తాద్ అన్నాడు కాబట్టి ఆయన కొడుకూ అన్నాడు, తోటల వాళ్ళూ అన్నారు. శుక్రవారం నమాజు అయ్యాక ఆయన మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే పెద్ద గదిలో, కిటికీ కింద దిండు నాది. వాళ్ళతోపాటు ఖర్జూరాలు తిని ఖహ్వా, అదే వాళ్ళ కాఫీ, తాగి వచ్చేవాణ్ణి. మా మాటలన్నీ హిందీలోనే నడిచేవి, నడుమ నడుమ అరబ్బీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆ గది గోడమీద ఒక తుపాకీ ఉండేది. పెద్ద అర్బాబ్ తాత జాంజిబార్ నుంచి తెచ్చాడట. ఆ చుట్టుపక్కల ఏ పాత ఇంట్లో చూసినా తుపాకీ ఉంటుంది, కానీ అవన్నీ ఒక్కొక్క తూటా చేత్తో పెట్టి పేల్చే రకం. ఇది వేరు. బారెల్ కింద ఇంకో గొట్టం, అందులో తూటాలు వరసగా పడుకుంటాయి. ట్రిగ్గర్ చుట్టూ కడియంలాంటి లీవర్. దాన్ని కిందికి లాగితే గొట్టంలోంచి ఒక తూటా వెనక్కి వస్తుంది, లోపల ఒక ముక్క దాన్ని పైకెత్తుతుంది, లీవర్ మూస్తే బారెల్లోకి పోతుంది. పోవాలి. కానీ ఎన్నో ఏళ్ళుగా పోవడం లేదు.

పెద్ద అర్బాబ్ తమ్ముడి కొడుక్కి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురిది పెద్ద తెగ. మగపెళ్ళివారు తుపాకులు పేలుస్తూ, కత్తులు ఎగరేస్తూ ఎదురెళ్ళాలి. తాతగారి తుపాకీ పేలాలని అన్నదమ్ములిద్దరికీ కోరిక.

"ఉస్తాద్, మోటార్ల కడుపు కోసి చూస్తావు కదా, దీని కడుపు కూడా చూడు," అన్నాడు పెద్ద అర్బాబ్.

"చూస్తాను. కానీ షాపుకి తీసుకుపోను. ఇక్కడే, మీ కళ్ళ ముందే."

"నేనూ అదే అనబోయాను. లైసెన్సు నా పేరున ఉంది. ఇది గడప దాటకూడదు."

నాకూ అదే కావాలి. పరాయి దేశంలో కూలివాడి చేతిలో తుపాకీ కనబడితే, బాగుచేయడానికి పట్టుకున్నాడేమోనని ఎవడూ ఆగి ఆలోచించడు.

ఆయన తివాచీ తీయించి ఈతచాప పరిపించాడు. శుక్రవారాలు అక్కడే కూర్చుని విప్పాను. లోపల పాత నూనె గట్టిపడి బెల్లంపాకంలా పట్టేసింది. గొట్టంలో తూటాల్ని వెనక్కి తోసే స్ప్రింగు తుప్పు తిని చచ్చిపోయింది. అంతకుమించి పెద్ద జబ్బేమీ లేదు. శుభ్రం చేసి, కొత్త స్ప్రింగు వేశాను. పెద్ద అర్బాబ్ దగ్గర తాతలనాటి తూటా ఒకటి దాచి ఉంది. దాని కొలతకే మా షాపు లేత్ మీద ఉత్త ఇత్తడి కడ్డీని తిప్పి దొంగ తూటాలు చేశాను. మందు లేదు, సీసం లేదు, నడక చూసుకోవడానికి మాత్రమే. అవి వేసి లీవర్ ఆడిస్తే ఒకదాని వెనక ఒకటి వచ్చి బయటపడ్డాయి. ముసలాయన చప్పట్లు కొట్టాడు, నిజంగానే.

అప్పుడే ఆయన తమ్ముడు వచ్చాడు. ఆయన్ని చిన్న అర్బాబ్ అందాం. మీసాలకు అత్తరు రాసే మనిషి. నన్ను హిందీ అనేవాడు, అంటే ఇండియావాడు అని.

"ఏమోయ్ హిందీ, ఇది కూడా పంపే అనుకుంటున్నావా? నీళ్ళొస్తాయా?"

"నీళ్ళు రావు చిన్న అర్బాబ్. మీరు సరైన తూటా పెడితే శబ్దం వస్తుంది."

పెద్ద అర్బాబ్ నవ్వాడు. ఆయన కొడుకూ నవ్వాడు. చిన్న అర్బాబ్ నవ్వలేదు.

నేను ఆ ముగ్గురికీ విప్పి చెప్పాను. గొట్టంలో తూటాలు రైలు పెట్టెల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పైకెత్తే ముక్కమీద సరిగ్గా ఒక్క తూటాకే చోటు. తూటా పొట్టిదైతే మిగిలిన చోట్లోకి వెనకున్న తూటా తల దూరుస్తుంది, ముక్క పైకి లేవదు, లీవర్ ఆగిపోతుంది. "ఆగితే బలవంతం చేయొద్దు. ఈ పొడుగు తూటాలే వేయాలి," అని ఇత్తడి తూటా ఒకటి చూపించి, వాటన్నిటినీ ఒక ఖహ్వా డబ్బాలో వేసి పెద్ద అర్బాబ్ చేతికిచ్చాను. కొలత గుర్తుగా ఉంటుందని.

"మా నాన్న ఒళ్ళో కూర్చుని తుపాకీ పేల్చినవాణ్ణి నేను. నువ్వు నాకు చెబుతున్నావు," అన్నాడు చిన్న అర్బాబ్.

రూముకొచ్చి నా పక్క మంచం వాడికి చెప్పాను. వాడిదీ మా వైపే, మెట్‌పల్లి.

"ఏందే అన్నా, బందూకులు గూడ బాగుజేస్తున్నవా? ఇగ మీసం తిప్పు, ఊళ్ళె దొర లెక్క," అన్నాడు.

"తిప్పుతరా. నాదేం పోయింది," అన్నాను. నిజం చెప్పొద్దూ, తిప్పాను.

పెళ్ళిరోజు తోటల అవతల మైదానంలో డోళ్ళు మోగుతున్నాయి. మగవాళ్ళు తెల్లటి దిష్‌డాషాలు, అంటే పొడుగు అంగీలు, వేసుకుని, నడుములకు వంకర పిడిబాకులు కట్టుకుని రెండు వరసలుగా నిలబడ్డారు. నన్నూ పిలిచారు. ఉతికిన చొక్కా వేసుకుని మా మెట్‌పల్లి వాడితో వెనక నిలబడ్డాను. చిన్న అర్బాబ్ తాతగారి తుపాకీ పట్టుకుని ముందుకొచ్చాడు. అంగీ జేబులోంచి తూటాలు తీశాడు. దూరం నుంచే చూశాను. అవి పెళ్ళిళ్ళలో శబ్దం కోసం పేల్చే ఖాళీ తూటాలు. ముందు సీసం ఉండదు, మూతి నొక్కేసి ఉంటుంది. లావు అంతే, పొడవు తక్కువ.

ఆయన్ని అంటానికేమీ లేదు, అలవాటు అది. ఆయన సొంత ఇంట్లో ఉన్నది చేత్తో పెట్టే తుపాకీ. దానికి పొట్టీ పొడుగూ పట్టింపు లేదు, పెట్టు, మూయి, పేల్చు. నేను చెప్పినా దీన్నీ అలాగే అనుకున్నాడు. మొదటిది చేత్తోనే పైనుంచి పెట్టాడు, మిగతావి గొట్టంలోకి తోశాడు. మొదటిది పేలింది. అందరూ కేకలు వేశారు. లీవర్ లాగాడు. సగంలో ఆగింది.

ఇంకోసారి లాగాడు. ఆగింది. డోలు వాయించేవాడు ఆగి చూశాడు. ఆడపెళ్ళివారి వరసలో ఎవడో నవ్వాపుకుంటూ చేత్తో నోరు మూసుకున్నాడు. అంతే, చిన్న అర్బాబ్ తుపాకీని నేలకు ఆనించి లీవర్ మీద చెప్పుకాలు పెట్టి తొక్కాడు. అది వంగిన చప్పుడు నాకు వినబడింది. వినబడి ఉండకపోవచ్చు, అంత దూరం. కానీ నాకు వినబడింది.

"ఆ హిందీగాడు చెయ్యి పెట్టాడు! తాత తుపాకీ నాశనం చేశాడు!" అని అరిచాడు.

వెయ్యి మొహాలు నా వైపు తిరిగినట్టనిపించింది. నేను ముందుకు నడిచాను. "తూటా పొట్టిది, చూడండి, తూటా..." అంటుండగానే పెద్ద అర్బాబ్ కొడుకు నా భుజం పట్టుకుని ఆపాడు.

"ఖలాస్, రఫీక్. ఇప్పుడు కాదు."

ఆ ఇంటివాళ్ళ నోట ఆ పిలుపు నేను విన్నది అదే మొదలు. పెద్ద అర్బాబ్ తమ్ముడి చేతిలోంచి తుపాకీ తీసుకున్నాడు. కింద పడ్డ తూటా ఒకటి వంగి ఏరుకున్నాడు. నా వైపు చూడలేదు.

తర్వాతి శుక్రవారం వెళ్ళాను. వంగిన లీవర్‌తోనే తుపాకీ గోడమీద ఉంది. దాని కింద ఎవరో చుట్టాలు కూర్చుని ఉన్నారు, ఏమైందని అడుగుతున్నారు, చిన్న అర్బాబ్ నన్ను చూస్తూనే చెబుతున్నాడు. కిటికీ కింద నా దిండు మీద ఇంకొకరున్నారు. ఖహ్వా గుమ్మం దగ్గరికే తెచ్చిచ్చారు. నిలబడి తాగి, ఇక చాలు అన్నట్టు కప్పు ఊపి ఇచ్చేసి వచ్చాను. మళ్ళీ ఆ గదిలోకి పోలేదు.

ఒక తోట యజమాని, నేనే ఎన్నోసార్లు బాగుచేసిన మోటారుని నా ముందే బండి ఎక్కించి పక్క పట్నం నిజ్వాకు పట్టుకుపోయాడు. "నీ చెయ్యి ఈమధ్య బాలేదట కదా" అని నవ్వాడు. లీవర్ తిన్నగా చేసిస్తానని పెద్ద అర్బాబ్ కొడుకుని అడిగాను. "వద్దు, ఇంకోసారి చెయ్యి పెట్టొద్దు," అన్నాడు. పోనీ తూటా సంగతైనా పదిమందిలో చెప్పమన్నాను. "ఇన్షాల్లా," అన్నాడు. ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టాను. విన్నట్టు నీలం గుర్తు పడింది, జవాబు రాలేదు.

"ఒదిలెయ్యరాదే అన్నా," అనేవాడు మా మెట్‌పల్లి వాడు. "గాళ్ళ తుపాకి, గాళ్ళ పెండ్లి. నడుమ నీకేంది?"

"చేసిన పని నాది గదరా."

"పని నీదే. వీసా గాళ్ళది."

వాడన్నది నిజమే. కానీ నన్ను కాల్చింది ఊరూ కాదు, చిన్న అర్బాబ్ కూడా కాదు. ఆయన సంగతి తెలిసిందే. పెద్ద అర్బాబ్ నమ్మాడా లేదా, అదే. చాపమీద నా ఎదురుగా కూర్చుని ప్రతి ముక్కా చూసిన మనిషి. చప్పట్లు కొట్టిన మనిషి. ఆయన షాపుకి రావడం మానేశాడు, మోకాళ్ళ నొప్పులన్నారు. ఒకసారి మార్కెట్లో కారులో కూర్చుని కనబడ్డాడు. నేను సలాం చేశాను. చెయ్యెత్తాడు, అద్దం దించలేదు.

తర్వాత ఆయన పోయాడు. పరామర్శకు వెళ్ళి, చెప్పుల వరస దగ్గర నిలబడి అందరితోపాటు కొడుకు చెయ్యి కలిపి వచ్చాను. అక్కడ అడగలేదు, చావింట్లో అడిగే మాట కాదు. వాళ్ళ దుఃఖం దినాలు గడిచి అతను షాపు తెరిచిన పూట, లేత్ ఆపేసి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఊళ్ళో చెప్పమని ఇక అడగను, బాబాయిని ఏమీ అనను, ఒక్కటి చెప్పు చాలు, నేనే పాడుచేశానని నమ్మే పోయాడా మీ నాన్న, అన్నాను.

అతను తాళంచెవులు జేబులో వేసుకున్నాడు. తర్వాత చెప్పాడు. నన్ను పాత పిలుపుతోనే పిలిచాడు.

"లేదు ఉస్తాద్. ఆయనకు ఆ రోజే తెలుసు. ఇంటికొచ్చి, మైదానంలో ఏరుకున్న పొట్టి తూటానీ, డబ్బాలోంచి నీ ఇత్తడి తూటానీ అరచేతిలో పక్కపక్కన పెట్టి నాకు చూపించాడు. తప్పు తమ్ముడిదని చెబితే కోడలి వాళ్ళ ముందు వాడు ఇక తలెత్తలేడు, ఉస్తాద్ మనవాడే, మోస్తాడు అన్నాడు. మోశావు కదా. ఇప్పుడెందుకు అడుగుతున్నావు?"