పెళ్లిళ్లకు పనికిరాని లెన్సు

మా మేనత్త ఉయ్యూరు దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీ. వాలీబాల్ ఆడుతుంది. వాళ్లింటి హాలు గోడ నిండా ఆవిడ ఫొటోలే, కానీ ఒక్కదానిలోనూ ఆట లేదు. ఒకదానిలో ఎవరో అతిథి శాలువా కప్పుతుంటే తల వంచుకుని ఉంటుంది. ఇంకోదానిలో కప్పు పట్టుకుని, ఎండకి కళ్లు చికిలించి, పదిమంది పెద్దమనుషుల పక్కన నిలబడి ఉంటుంది. మా వైపు టోర్నమెంటుకి ఫొటోగ్రాఫర్ని పిలిచేది ప్రారంభోత్సవానికి, బహుమతి ప్రదానానికి. మధ్యలో జరిగే ఆట టైములో ఆయన టీ తాగడానికి వెళ్తాడు. ఎవరికీ అది తప్పుగా అనిపించదు.

మొన్న చలికాలం మొదట్లో మోకాలు చూసిన డాక్టరుగారు ఇక ఎగరడం మానెయ్యమన్నారు. మాఘమాసంలో టీచర్ల టోర్నమెంటు ఉంది, అదొక్కటి ఆడి ఆపేస్తానంది అత్త. ఆ మాట ఎంత మామూలుగా అందంటే, పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న నాకు కాసేపటికిగాని అర్థం కాలేదు. అత్త కాళ్లు నేల వదిలి ఉన్న ఫొటో ఒక్కటైనా తియ్యాలి. అప్పుడు తియ్యకపోతే ఇంకెప్పటికీ తియ్యలేను.

నా దగ్గర కెమెరా ఉంది. సెకండ్ హ్యాండుది. దానితో వచ్చిన చిన్న లెన్సు ఉంది. ఆదివారాలు బెజవాడ నుంచి బస్సెక్కి గన్నవరం వెళ్తాను, విమానాల కోసం. ఎయిర్‌పోర్టుకి దూరంగా, పొలాల మధ్య రోడ్డు పక్కన నిలబడి, గోడ వైపు కెమెరా తిప్పకుండా, ఆకాశంలోంచి దిగివచ్చేవాటిని మాత్రం తీస్తాను. మనుషుల్ని తియ్యడం నాకు చేతకాదు. కెమెరా ఎత్తగానే వాళ్లు నన్ను చూస్తారు. విమానం చూడదు. ఇది డైరీలో రాసుకున్నాను కానీ ఎవరితోనూ అనలేదు.

ఒక ఆదివారం అత్త నాతో వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చే పంకాల విమానం దిగుతుంటే తీసి చూపించాను. షట్టరు వేగం తగ్గిస్తేనే రెక్కల పంకాలు తిరుగుతున్నట్టు పడతాయి, ఎక్కువ పెడితే ఆగిపోయినట్టు కనిపిస్తాయి, బొమ్మ విమానాన్ని దారంతో వేలాడదీసినట్టు ఉంటుందని చెప్పాను. అత్త ఫొటో కేసి చూసి, "ఏమే, ఇది విమానమా, ఈగా?" అంది.

"లెన్సు చిన్నదత్తా."

"పెద్దది కొనుక్కోవచ్చుగా?"

"ఏది కొనాలో తేలట్లేదు."

"పెళ్లికొడుకుల్నీ ఇలాగే ఈగల్లా చూసి పంపించేస్తున్నావు. మీ నాన్న చెప్పాడులే."

నిజంగానే తేలలేదు. పుస్తకాల్లో, వీడియోల్లో చదివిందీ చూసిందీ అంతా రెండు మాటలకు వచ్చి ఆగింది. ఒకటి, రెండొందల మిల్లీమీటర్ల దాకా వెళ్లే తెల్ల లెన్సు. దాని కన్ను పెద్దది. వెలుతురు తక్కువైనా లోపలికి బోలెడంత తీసుకుంటుంది కాబట్టి సాయంత్రమైనా ఆటగాడి చెయ్యి చెదరకుండా పడుతుంది. రెండోది ఆరువందల దాకా లాగే నల్లది. విమానం కడుపు మీద రాసిన అక్షరాలు కూడా చదవొచ్చు. కానీ కన్ను చిన్నది, మంచి ఎండ ఉండాలి. ఆటలకొకటి, విమానాలకొకటి అన్నట్టు అవి విడిపోయాయి. రెండూ కొనే స్తోమత నాకు లేదు.

గవర్నర్‌పేటలో కెమెరాలు అద్దెకిచ్చే కొట్టు ఒకటుంది. అది పెళ్లి ఫొటోగ్రాఫర్ల కొట్టు. మెట్లెక్కి వెళ్తే యజమాని తలెత్తకుండానే, "పెళ్లెక్కడమ్మా?" అన్నారు.

"పెళ్లి కాదండి."

"రిసెప్షనా?"

"వాలీబాలండి. ఇంకా... విమానాలండి."

అప్పుడు తలెత్తారు. "విమానాలకి హల్దీ అవీ ఉండవు కదమ్మా, తొందరగానే అయిపోతుందిలే" అని నవ్వి, రెండు లెన్సులూ బల్ల మీద పెట్టారు. పుష్యమాసం. పెళ్లిళ్లు లేవు. కొట్లో లెన్సులన్నీ అరల్లో బజ్జున్నాయి. ఆయనే ఉదారంగా ఒక వారం ఒకటి, మరో వారం ఇంకొకటి తీసుకెళ్లమన్నారు.

అలా నేను రెండిటినీ అత్త స్కూలు గ్రౌండుకి మోసుకెళ్లాను. ఆడపిల్లల ప్రాక్టీసు సాయంత్రం బడి అయ్యాక. గ్రౌండు అవతలి రోడ్డు మీద చెరుకు లోడు ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి వరసగా పోతుంటాయి. నల్ల లెన్సుతో గీత పక్కన నిలబడి చూస్తే, ఒక పిల్ల మోచెయ్యి ఒక్కటే ఫ్రేము నిండా వచ్చింది. బంతి ఎటు పోయిందో నాకు తెలిసేలోపు పాయింటు అయిపోయింది. చీకటి పడే కొద్దీ చేతులు పొగలా చెదిరాయి. తెల్లదానితో మాత్రం అన్నీ పడ్డాయి: పిల్లల జడలు గాల్లో నిలబడటం, బంతి తగిలినప్పుడు ముంజేతి మీద చర్మం లోపలికి నొక్కుకోవడం. అదే ఖాయం చేసుకున్నాను. మాఘంలో మ్యాచి రోజుకి అద్దెకి తీసుకుని, తర్వాత నెమ్మదిగా అదే కొనుక్కోవాలని. గన్నవరంలో విమానాలు ఎలాగూ తక్కువ ఎత్తులోనే వస్తాయి, సర్దుకోవచ్చు.

ఆ పిల్లల్ని చూస్తున్నప్పుడే అత్త నేర్పే పద్ధతి కూడా చూశాను. అరవదు. ఒక్కటే మాట పదేపదే అంటుంది. "బంతి మీంచి చూపు తియ్యకండర్రా. ఇల్లు కాలిపోతున్నా సరే, చూపు బంతి మీదే."

మ్యాచికి ముందు రోజు కొట్టుకి వెళ్లాను. అరలన్నీ ఖాళీ.

"రేపు ముహూర్తం కదమ్మా!" అన్నారాయన, నేనేదో అన్నం తినడం మర్చిపోయి వచ్చినట్టు. "మాఘంలో మొదటి పెద్ద ముహూర్తం. గుడివాడ వాళ్లు, బందరు వాళ్లు కూడా నెల ముందే చెప్పి తీసుకెళ్లిపోయారు. పంచాంగం చూసుకోలేదా?"

లెన్సుల గురించి అన్ని పేజీలు చదివినదాన్ని, గోడ మీద క్యాలెండరు చూడలేదు. ఖాళీ అరలకేసే మళ్లీ చూశాను. ఆయనకి జాలేసినట్టుంది, లోపలికి వెళ్లి నల్లది తెచ్చారు. "ఇదొక్కటే ఉంది. దీన్నెవరూ పెళ్లికి తీసుకెళ్లరు. మండపంలో నుంచుంటే పెళ్లికూతురి ముక్కుపుడక ఒక్కటే వస్తుంది."

తీసుకున్నాను. ఎండ ఉంటే ఫర్వాలేదు. మ్యాచి మూడున్నరకి. మాఘమాసపు ఎండ ఐదింటిదాకా బావుంటుంది. ఆ ధైర్యంతోనే బస్సెక్కాను.

మూడున్నరకి అతిథులు రాలేదు. వచ్చాక జ్యోతి వెలిగించారు. తర్వాత ఉపన్యాసాలు. ఆపైన శాలువాలు మొదలుపెడతామని మైకులో చెప్పారు. వేదిక మీద ఒక గుట్ట శాలువాలు మడతపెట్టి ఉన్నాయి. నేను కోర్టు పడమటి చివర, గీతకి బాగా వెనక, లెన్సు మోస్తూ నిలబడి ఉన్నాను. నీడలు నెట్టు దాటి సాగుతున్నాయి. అవతల అత్త మోకాలికి పట్టీ బిగించుకుని, విప్పి, మళ్లీ బిగించుకుంటోంది. చల్లబడితే ఆ మోకాలు వంగదని నాకు తెలుసు.

ఆ తర్వాత నేను చేసింది ఇప్పటికీ ఇంకెవరో చేసినట్టుంటుంది. ఆ లెన్సుతోనే గ్రౌండంతా అడ్డంగా నడిచి, వేదిక మెట్ల దగ్గరికి వెళ్లి, మైకు పట్టుకున్న హెడ్మాస్టరుగారితో, "సార్, వెలుతురు పోతుందండి. ముందు మ్యాచి పెట్టండి. శాలువాలు చీకట్లో అయినా కప్పుకోవచ్చండి" అన్నాను. ఆ ముక్క మైకులో పడింది.

"నువ్వెవరమ్మా? ప్రెస్సా?"

"కాదండి. మేనకోడల్నండి."

షామియానా మొత్తం నవ్వింది. చెవులు కాలిపోయాయి. వేదిక పక్కన తెల్ల లెన్సు మెళ్లో వేసుకున్న ఫొటోగ్రాఫరు మాత్రం నవ్వలేదు. "సార్, ఆరింటికి నేను ఉయ్యూరులో పెళ్లికి ఉండాలి. ముందు శాలువాలు కానిచ్చెయ్యండి సార్."

ముఖ్య అతిథి పెద్దాయన, అప్పటికే రెండుసార్లు ఆవులించినవారు, ముందుకి వంగారు. "ఎవరికమ్మా మేనకోడలివి?"

అత్త వైపు చూపించాను. అత్త తల పట్టుకుంది.

"మేనకోడలు నోరు విప్పి అడిగితే కాదంటామా? ఆయన్ని పెళ్లికి వెళ్లనివ్వండి. శాలువాల ఫొటోలు ఈ అమ్మాయే తీస్తుంది. ఏమ్మా?"

తల ఊపాను. ఫొటోగ్రాఫరు బ్యాగు సర్దుకున్నాడు. నేను పక్కగా వెళ్తుంటే అత్త పళ్ల మధ్య నుంచి, "ఊళ్లో పరువు తీశావే. పో, పోయి తియ్యి" అంది.

టాస్ ఓడిపోయి అత్త వాళ్ల జట్టుకి తూర్పు వైపు వచ్చింది. అంటే దిగిపోయే ఎండ సూటిగా వాళ్ల కళ్లలోకే. నాకు మాత్రం సూర్యుడు వెనక ఉన్నాడు. గీత పక్కన నిలబడితే ఈ లెన్సు పనికిరాదని నాకు తెలుసు కాబట్టి పడమటి చివరే ఉండిపోయాను, ఎదుటి జట్టు వీపుల వెనక. అక్కణ్నుంచి లెన్సు లాగి చూస్తే, నెట్టు గళ్లు కరిగిపోయి, వాటి వెనక మా అత్త ముఖం వచ్చింది.

ఆ ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు. మా ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైందనే ముఖం కాదు. శాలువాల ముందు తల వంచే ముఖం అసలే కాదు. ఎండ నిండుగా పడుతున్నా కనురెప్ప కదలట్లేదు. బంతి పైకి లేచింది. రెండడుగులు వేసింది, అంతే, మోకాలి పట్టీతో సహా ఆవిడ నేల మీద లేదు. ఇంత బరువైన మనిషి అంత తేలిగ్గా ఎలా లేచిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. వేలు నొక్కే ఉంచాను.

ఆ సెట్టు గెలిచారు. తర్వాతి రెండూ ఓడిపోయారు. ఆఖరి పాయింట్లకి వెలుతురు పోయింది, నా ఫొటోలన్నీ బూడిదరంగు చారలయ్యాయి. ట్యూబులైట్ల కింద శాలువాలు ఫోనుతో తీశాను, ఒక్కటి కూడా వదలకుండా.

ఇంటికొచ్చాక అత్త మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని, "ఏదీ, చూపించు" అంది. ల్యాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టాను. పాదాలు నేలకి బాగా పైన, చెయ్యి వెనక్కి వంగి కొట్టడానికి సిద్ధంగా, బంతి నుదుటికి పైన. అత్త ముందు పాదాలు చూసుకుంది. వేలు పెట్టి, అక్కడి నుంచి కింది గీత దాకా కొలిచింది. తర్వాత ముఖం దగ్గర ఆగిపోయింది.

"ఇదేంటే? నేను బంతిని చూడట్లేదు."

నిజమే. బంతి పైనుంది. చూపు నెట్టు దాటి, ఎదుటి జట్టు ఎడమ మూలన ఎవరూ లేని నేల మీద ఉంది.

"ఎండ కళ్లలో పడుంటుంది," అంది తనే.

తర్వాతి ఫొటో చూపించాను. ఆ తర్వాతిది. అన్నిటిలోనూ అంతే. కొట్టే ముందు రెప్పపాటు, కళ్లు ఖాళీని వెతుక్కుంటున్నాయి. పక్క గీతమీద కూర్చున్నవాళ్లకి ఎప్పటికీ కనిపించనిది అది. ఎదురుగా, అంత దూరం నుంచి, ఆ లెన్సుకి తప్ప.

"ఇన్నేళ్ల బట్టీ పిల్లలకి చూపు తిప్పొద్దని చెప్పి చంపుతున్నానే నేను!" అని అత్త నవ్వింది. ఐసు సంచి జారిపోయేంత నవ్వింది. తర్వాత ఆ మొదటి ఫొటోనే మళ్లీ పెట్టమంది.

నేను కొన్నది నల్లదే. కొట్టాయన, "దాన్ని మళ్లీ అమ్మాలంటే ఎవరూ కొనరమ్మా" అని హెచ్చరించే ఇచ్చారు.

సోమవారం అత్త ఆ ఫొటో ఫోనులో పెట్టించుకుని బడికి వెళ్లింది. సాయంత్రం ప్రాక్టీసులో పిల్లల్ని గీత మీద కూర్చోబెట్టి చూపించిందట. ఒక పిల్ల, "మేడమ్, మీరు బంతిని చూడట్లేదు!" అని అరిచిందట. "అదేనర్రా," అందట అత్త. "ముందు బంతిని చూడటం నేర్చుకోండి. అది వచ్చాక, ఎప్పుడు వదిలెయ్యాలో చెప్తాను. నాకూ మొన్ననే తెలిసింది."