ట్యూబ్‌లైటు కింద చూసిన ఉంగరం

అమ్మ ఉంగరంలో రాయి రంగు మారేది. పగలు బూడిద కలిసిన నీలంగా ఉండేది, సాయంత్రం దీపం దగ్గర పెడితే లేత వంకాయ రంగుకు తిరిగేది. అమ్మ వాళ్ల నాన్న రంగూన్‌లో బియ్యం మిల్లు గుమాస్తాగా చేసి తిరిగొస్తూ తెచ్చాడట. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ అమ్మ చెయ్యి పట్టుకుని పూజగదిలోకి, వాకిట్లోకి, మళ్లీ పూజగదిలోకి లాక్కుపోయేవాళ్లం. "కూర మాడిపోతుందర్రా" అనేదే గాని చెయ్యి వెనక్కి తీసుకునేది కాదు. రంగు మారే రాళ్లు చాలా అరుదని పెద్దయ్యాక ఎక్కడో చదివి, మా స్టాఫ్‌రూమ్‌లో ఒకటికి పదిసార్లు గొప్పలు చెప్పుకున్నాను.

చివరి ఎనిమిదేళ్లు అమ్మ మొగల్తూరులో తమ్ముడి దగ్గరే ఉంది. వేళ్లు వాచి ఉంగరం పట్టకపోతే తీసి మరదలి బీరువాలో దాచారు. అమ్మకు స్నానం చేయించిందీ, అన్నం మెత్తగా పిసికి తినిపించిందీ మరదలే. నేను రాజమండ్రి నుంచి నెలకోసారి బత్తాయిలు పట్టుకుని వెళ్లి, మంచం పక్కన కూర్చుని, మందులు వేళకి ఇస్తున్నారా లేదా అని ఆరా తీసి వచ్చేదాన్ని. ఆఖరి రోజున నేను అక్కడే ఉన్నా అమ్మ పట్టుకున్నది మరదలి చెయ్యి. అది నాకు గుచ్చుకుంది. ఈ మాట ఒప్పుకోకుండా మిగతాది చెప్పడం మోసం అవుతుంది.

సంవత్సరీకాలు అయిన సాయంత్రం, తల్లి నగ కూతురికి చేరాలన్న ఆనవాయితీ ప్రకారం, మరదలు పళ్లెంలో పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ, వాటి మీద ఉంగరం పెట్టి నాకు ఇచ్చింది. "జాగ్రత్తగానే ఉంచానండి వదినగారూ" అంది. నేను ఉంగరాన్ని హాల్లో ట్యూబ్‌లైటు కిందకి ఎత్తి పట్టుకున్నాను. నీలం. ఇటు తిప్పాను, అటు తిప్పాను. నీలమే. వంకాయ రంగు జాడ కూడా లేదు.

పూజగదిలో దీపం వెలుగుతూనే ఉంది. పది అడుగులు వేస్తే సరిపోయేది. వేయలేదు. అనుమానం వచ్చిన క్షణంలోనే అది నాకు నచ్చింది. ఎనిమిదేళ్లు చాకిరీ చేసిన మనిషిలో ఒక తప్పు దొరికిందంటే, ఆ ఎనిమిదేళ్లూ బత్తాయిలతో సరిపెట్టిన నా మనసు బరువు కాస్త తగ్గినట్టనిపించింది.

తమ్ముడు బస్సు ఎక్కించడానికి వచ్చాడు. స్టాండులో వాడితో మెల్లగా అన్నాను.

"ఉంగరంలో రాయి మారిపోయిందిరా."

"ఏంటక్కా? ఎలా మారుతుంది?"

"అదే నేనూ అడుగుతున్నా. ఇన్నేళ్లూ ఎవరి బీరువాలో ఉందో నీకు తెలుసుగా."

వాడు నా సంచి బస్సులో పెట్టి దిగిపోయాడు. బస్సు కదిలాక చెయ్యి ఊపడం కూడా మర్చిపోయాడు. ఇంటికి చేరానో లేదో కనుక్కోవడానికి మరదలు రెండుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.

రెండు వారాలు ఆ కోపాన్ని పెంచి పోషించుకుని, ఋజువు చేతికి వస్తుందని రాజమండ్రిలో రాళ్లు పరీక్షించే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. సంగతంతా విని ఆయన ఒకటే అడిగారు.

"ఏ లైట్లో చూశారమ్మా?"

"ట్యూబ్‌లైటండి."

"తెల్లటి ఎల్‌ఈడీయేనా? దాంట్లో ఎరుపు తక్కువండి. ఆ వెలుతురులో ఇలాంటి రాయి పగటి రంగులోనే ఉండిపోతుంది" అని బల్ల మీద పాతకాలపు బల్బు వెలిగించారు. ఉంగరం నా కళ్ల ముందే వంకాయ రంగుకు తిరిగింది.

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో కాంతి పాఠం చెప్పినదాన్ని. ఏ వెలుతురులో ఏ రంగు ఎంత ఉంటుందో బోర్డు మీద బొమ్మ గీసి, అర్థం కాని పిల్లల్ని నిలబెట్టినదాన్ని. ఆయన ముందు నా ఉద్యోగం సంగతి ఎత్తకుండా జాగ్రత్త పడ్డాను.

ఆయన భూతద్దంలో చాలాసేపు చూసి, నన్నూ చూడమన్నారు. రాయి లోపల, అడ్డంగా కోసిన ఉల్లిపాయలో పొరల్లా వంపు తిరిగిన సన్నటి గీతలు, అక్కడక్కడా గాలి బుడగలు. భూమిలో పుట్టిన రాయిలో గీతలు తిన్నగా ఉంటాయనీ, ఇలా వంపు తిరిగి ఉంటే కొలిమిలో కరిగించి చేసినదనీ చెప్పారు. "అసలు రాయి పగలు ఆకుపచ్చగా ఉండి దీపానికి ఎర్రబడుతుందమ్మా. నీలం నుంచి ఊదాకి మారితే ముందుగా అనుమానించాలి. రంగూన్ లాంటి రేవుల్లో ఇవి అప్పట్లో బాగా అమ్మేవారు. రాయిని బిగించిన ఈ కట్టు ఇంతవరకు ఎవరూ విప్పలేదు. మీ తాతగారు కొన్నదే ఇది."

అంటే రాయి ఎవరూ మార్చలేదు, మార్చేంత రాయీ కాదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

మర్నాడే మొగల్తూరు వెళ్లాను. తమ్ముడు చేపల చెరువుల మీదికి వెళ్లాడు. మరదలు ఒక్కతే ఉంది. ఎప్పటిలాగే కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చుంది. దారంతా వల్లించుకున్న మాటలు ఒక్క గుక్కలో చెప్పేశాను. ట్యూబ్‌లైటు సంగతి, గీతల సంగతి, రాయి నువ్వే మార్పించావని తమ్ముడితో అన్న సంగతి, అన్నీ. "నన్ను క్షమించమ్మా, నీ మీద అనకూడని మాట అన్నాను" అన్నాను.

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"మీరలా అన్నారని నాకు తెలియదండి వదినగారూ" అంది.

నేను తలెత్తి చూశాను.

"మీరెళ్లిన మర్నాడు నేను చేపల మార్కెట్ నుంచి వచ్చేసరికి మీ తమ్ముడుగారు నా బీరువా తెరిచి చీరల మడతల్లో వెతుకుతున్నారండి. ఏంటండీ అంటే పొలం కాగితాలన్నారు. పొలం కాగితాలు ఆయన పెట్టెలో ఉంటాయి. ఎందుకు వెతికారా అని అప్పటి నుంచీ అనుకుంటున్నాను." కొంగు వేలి మీంచి విప్పుకుంది. "ఇప్పుడు తెలిసిందండి."

కాఫీ తీసుకోమని గ్లాసు నా వైపు జరిపి, లోపలికి వెళ్లిపోయింది.