కళ్ళంలో నేర్చిన రంగులు

కూర్చోవే సరిగ్గా. ఆ ఫోన్ బోర్లా పెట్టి, నేను చెప్పింది చెప్పినట్టు రాయి.

నా చిన్నప్పుడు మా పల్లెలో చర్చి పక్కన మందులిచ్చే సిస్టరమ్మ ఒకామె ఉండేది. స్పెయిన్ దేశం ఆమెది. సాయంత్రాలు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని మా దగ్గర తెలుగు నేర్చుకునేది, బదులుగా వాళ్ల భాషలో రంగులు చెప్పేది. ఎరుపు రోహో, తెలుపు బ్లాంకో. ముందు వస్తువు పేరు, దాని వెనక రంగు. వస్తువును బట్టి రంగు మాట చివర మారుతుంది. మిరపకాయైతే రోహో, చొక్కా అయితే రోహా. నాకది భలే ఆటగా ఉండేది.

మిరపకోతలు రాగానే ఆట ఆగిపోయింది. మా అమ్మమ్మతో ఆసామి కళ్ళంలో కాయలేరడానికి పోవాల్సి వచ్చింది. ఎర్రవి ఒక పక్క, తెల్లబారిన తాలు ఒక పక్క. సాయంత్రానికి చేతులు మండిపోయి పలక పట్టలేకపోయేదాన్ని. నేను రావట్లేదని సిస్టరమ్మే వెతుక్కుంటూ వచ్చింది. మా అమ్మమ్మ గోనెపట్టా పరిచి, "పిల్ల రాలేదుగానీ పాఠం రావచ్చుగా. కూర్చోండమ్మా, ఏరతా చెప్పండి" అంది. పాపం, ఆమె కాసేపటికే కాయలేరిన చేత్తో కళ్లు నలుపుకుంది. అమ్మమ్మ మజ్జిగతో మొహం కడిగి, చేతులకు ఆముదం రాసి, కాయ ముట్టిన చేత్తో మొహం ముట్టకూడదని నేర్పింది. మర్నాడు ఆమే ఆముదం సీసాతో వచ్చింది.

కొన్నాళ్లకు ఆడాళ్లంతా తాలుకాయ విసిరేస్తూ బ్లాంకో అనసాగారు. ఒక మధ్యాహ్నం తలెత్తితే పడమట మబ్బు. నేను "నూబె నెగ్రా" అన్నాను. నల్లమబ్బని. ఎవరూ అందించకుండా నా అంతట నేను కూర్చిన మొదటి మాట అది. సిస్టరమ్మ నవ్వేలోపే ఆసామి వచ్చాడు. ఎండుకాయంతా పరిచి ఉంది, తడిస్తే బూజే. ఆ కంగారంతా మా మీద చూపించాడు. ఆమెను వెళ్లిపొమ్మని చెప్పి, నావైపు తిరిగి, "కాయలేరేదానికి ఏ దేశం మాటలే? కూలికి పనికొస్తయ్యా అవి?" అన్నాడు.

మా అమ్మమ్మ లేచి ఒళ్లోని కాయలు దులిపేసింది. గొంతు కూడా పెంచలేదు.

"పనికిరావయ్యా. అందుకే నేర్పిస్తన్నా. పనికొచ్చేయన్నీ మీ కళ్ళంలోనే పోతన్నయ్. ఇదొక్కటన్నా దానిదిగా ఉండనీ. పాఠం పోతే మేమూ పోతాం."

వరసలో ఆడాళ్లంతా లేచి నిలబడ్డారు. ఉరిమింది. ఆసామి మబ్బును చూశాడు, అమ్మమ్మను చూశాడు. "సరే, చెప్పుకోండి, చేతులాడించండి" అన్నాడు.

కాయలు రాశిపోసి పట్టాలు కప్పుతుంటే, సిస్టరమ్మ ఒక కొస పట్టుకుని ఒక్కో రంగూ కేకేసింది. మేమూ ఆసామికి వినబడేట్టే తిరిగి కేకేశాం. తొలి చినుకు పట్టా మీదే పడింది.

ఆ భాషలో నాకంతకు మించి రాలేదు. ఆ దేశమూ పోలేదు. అయినా ఆ రంగుల్లో ఒక్కటి కూడా పోగొట్టుకోలేదు. ఇది నేర్చుకుని ఏం చేస్తావని నిన్నెవరన్నా అడిగితే, నువ్వు కూడా లేచి నిలబడి... ఆఁ, వస్తన్నానమ్మాయ్. అన్నం చల్లారితే చల్లారనీ, పిల్లను ఈ ఒక్క ముక్కా రాసుకోనీ. పనికిరాదు, అందుకే నేర్చుకుంటున్నానని వాళ్ల మొహమ్మీదే...