ట్యూనర్‌లో అక్క, ఫోన్‌లో నేను

మా ఆయనకు మామిడి తోటలు కౌలుకు తీసుకోవడం వ్యాపారం, పాత రేడియోలు బాగుచేసుకోవడం సరదా. ఆ ఏడు పూత సరిగా రాకముందే హనుమాన్ జంక్షన్‌లో ఒక పాత సామాన్ల కొట్టు నుంచి ఎఫ్ఎం ట్యూనర్ తెచ్చారు. అది దానంతట అది మోగదు. స్టేషన్‌ను పట్టి ఆంప్లిఫయర్‌కు అందిస్తే, అక్కడి నుంచి స్పీకర్లలోకి వస్తుంది. యాంటెన్నా తీగను కిటికీలోంచి తీసి పెరట్లో రసాల చెట్టు కొమ్మకు కట్టారు.

ఇంట్లో సీడీ ప్లేయర్ ఉంది, ఫోన్‌లో కావలసిన పాటలన్నీ ఉన్నాయి, మళ్ళీ ఇదెందుకని అడిగితే విని చెప్పమన్నారు. విన్నాను. వెనకాల సన్నగా బుస్సుమంటున్నా, గొంతులు మాత్రం నిండుగా, పక్క గదిలో మనిషి మాట్లాడుతున్నట్టు వచ్చాయి. ఫోన్‌లో ఆ బుస్సు లేదు. మరి ఏది బాగుందంటే, రెండూ బాగానే ఉన్నాయనేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మా పాట రేడియోలో రాకపోయి ఉంటే ఈ గొడవ అంతటితో ఆగిపోయేది.

అక్కా నేనూ చిన్నప్పటి నుంచీ మా చర్చి క్వయర్‌లో కలిసి పాడుతున్నాం. అక్క టీచరుగా చేసి రిటైరైంది, పక్క వీధిలోనే ఉంటుంది. క్రిస్మస్‌కు తను ఒక పాట రాసింది. అందులో మొదటి చరణం మేమిద్దరమే పాడాలి. రేడియో వాళ్ళు చుట్టుపక్కల చర్చిల పాటలు రికార్డు చేసుకుంటూ మా దగ్గరికీ వచ్చారు. మైకులు రెండు పెట్టి, ఒకదాని ముందు అక్కను, ఇంకోదాని ముందు నన్ను నిలబెట్టారు. ఆ రోజు నేను ఎంత గట్టిగా పాడానంటే, సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది.

ఒక ఆదివారం పొద్దున, చర్చికి వెళ్ళే ముందు పాట వేశారు. అక్క తెల్ల చీర కట్టుకుని వచ్చి స్పీకర్ల ముందు కూర్చుంది. చరణం మొదలైంది. అంతా అక్క గొంతే. నా గొంతు కోసం వెతుక్కున్నాను. తెర వెనక ఎవరో మసలినట్టు అక్కడక్కడా వినిపించి పోతోంది. అక్క కళ్ళు మూసుకుని వింటోంది. పాట అయ్యాక, "బాగానే వచ్చిందే" అంది. వచ్చిందన్నాను. నేనసలు పాడానా, పాడాననుకున్నానా అని ఆ రోజంతా అదే ఆలోచన.

తర్వాత రికార్డింగు అతను ఆ పాటను పాస్టరుగారి ఫోన్‌కు పంపితే, ఆయన మా అందరికీ పంపారు. అక్క మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆయన నా ఫోన్‌ను అదే ఆంప్లిఫయర్‌కు తగిలించారు. అవే స్పీకర్లు, అదే పాట. ఈసారి ముందుకొచ్చింది నేను. అక్క గొంతు నా వెనకాల పల్చగా, అలసిపోయిన మనిషిలా వినిపించింది. నాకు సంతోషం వేయాలి గాని, పక్కన అక్క మొహం చూశాక అదీ లేకపోయింది. తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టి, నన్ను కాదు, మా ఆయన్ని అడిగింది.

"మరిదిగారూ, నేనంత నీరసంగా పాడానా అండీ?"

ఆయన కంగారు పడి కారణాలు మొదలుపెట్టారు. ముందు యాంటెన్నా తీగదే తప్పన్నారు. తర్వాత రేడియోలో పై స్వరాలు కొంత తగ్గుతాయనీ, అక్కది కింద గొంతు కాబట్టి అదే నిలబడిందనీ అన్నారు. కాసేపటికి అదీ కాదు, ఫోన్‌లో పంపితే పాట నలిగిపోతుందన్నారు. ఆయన చెబుతున్నంతసేపూ ప్రతిదీ నిజమే అనిపించింది. చెప్పడం ఆపగానే దేనికీ పొంతన కనిపించలేదు. చివరికి రికార్డింగు అతన్ని అడిగి, అసలు పాటను సీడీలో ఎక్కించి తెచ్చారు. అందులో ఇద్దరం సమానంగా ఉన్నాం. కాకపోతే అందులో నేనూ లేను, అక్కా లేదు. బాగా పాడే అమ్మాయిలు ఎవరో ఇద్దరు పాడినట్టుంది.

"ఇవన్నీ కట్టేయండి. మేం పాడతాం, మీరు విని చెప్పండి" అంది అక్క.

ఆయన వరండాలో మాకు వీపు పెట్టి కూర్చున్నారు. మేం హాల్లో నిలబడి చరణం పాడాం. నేను ఎక్కువ పాడకూడదని తగ్గించాను, తగ్గిస్తే మళ్ళీ రేడియోలోలా అవుతుందేమోనని పెంచాను. అక్కా అలాగే చేస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. అయ్యాక ఆయన వెనక్కి తిరిగారు.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. ఎవరి గొంతు ఏదో నాకు తెలియలేదండీ."

మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఇన్నేళ్ళుగా ఈయన చర్చిలో మూడో వరసలో కూర్చుని మా పాటలు వింటున్నారు. ఏం విన్నట్టు? అక్క నవ్వింది. అది నవ్వేనో కాదో కూడా నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో పాస్టరుగారు అదే పాట పాడమన్నారు. క్రిస్మస్ దాటి చాలా రోజులైనా, రేడియోలో వచ్చిన పాట కదా అని అందరికీ ముచ్చట. పల్లవి అందరం కలిసి పాడేశాం. చరణం దగ్గరికి వచ్చాక అక్క ఎత్తుకుంటుందని నేను ఆగాను. నేను ఎత్తుకుంటానని అక్క ఆగింది. ఆ లైను మొత్తం కీబోర్డు ఒక్కటే వాయించింది.