అక్క పరిచిన చాప

శ్రావణమాసంలో ఒక ఆదివారం పొద్దున అక్క పోయింది. పక్కింటివాళ్ళ ఫోనుకు కబురొస్తే చేతిలో దోసెల గరిటె అలాగే పట్టుకుని పరుగెత్తాను. "అమ్మ నిద్రలనే పోయింది పిన్నీ" అంది ఆమె కూతురు. నాకు ఏడుపు రావడానికి కాసేపు పట్టింది. అంతకన్నా ముందు వచ్చిన ఆలోచన, ఈ దీపావళికి చాప ఎవరు పరుస్తారని. ఎవరైనా వింటే నవ్వుతారు. చాప సంగతి తెలిస్తే నవ్వరు.

అక్క నాకు తోబుట్టువు కాదు. నాచారంలో మేమిద్దరం పనిచేసిన ఫ్యాక్టరీలో నా పైఅధికారి, మా వీధిలోనే ఇల్లు. నేను చేరిన కొత్తలో మేడమ్ అని పిలిస్తే, "మేడమ్ గీడమ్ ఏంది? అక్క అను" అని కసిరింది. గుంటూరు నుంచి పెళ్ళయి వచ్చిన నాకు ఉప్పల్ బస్సులో మోచేతులతో దారి చేసుకోవడం నేర్పింది ఆమే. గంజి పెట్టిన నూలుచీర, కుడిచేతికి గడియారం, యంత్రాల రొద మీద కూడా వినబడే గొంతు. ఆ గొంతు ఒక్కచోట మాత్రం ఆగిపోయేది. భర్త పేరు పలికేది కాదు. రేషన్ దుకాణంలో అడిగినా కూతురి వైపు చూసి "నువ్వు చెప్పు" అనేది. అంతమంది మగవాళ్ళను నిలబెట్టి పని చెప్పే మనిషి ఇలా ఎందుకని నేను ఆటపట్టిస్తే, "గది గంతే" అని కొట్టిపారేసేది.

ఎనభైల చివర మా ఫ్యాక్టరీకి జపాన్ నుంచి కొత్త యంత్రాలు వచ్చాయి. వాటి పని నేర్చుకురమ్మని మా ఇద్దరినీ ఆ వేసవిలో అక్కడికి పంపారు. అప్పటికి అక్క భర్త పోయి నాలుగు నెలలు కూడా కాలేదు. ఏడాది తిరగకుండా ఆడమనిషి సముద్రం దాటడమేంటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. "ఏడాది లెక్క మిషన్లకు ఎరుకనా?" అని అక్క పెట్టె సర్దింది.

అక్కడ మాకు పని నేర్పిన పెద్దాయన మితభాషి. ఒక శనివారం పొద్దున, ఆ సాయంత్రం నది ఒడ్డున బాణసంచా పండుగ ఉందని, తప్పకుండా రావాలని పిలిచాడు. నేను ఎగిరి గంతేశాను. అక్క మాత్రం కదలలేదు.

"మా ఇంట్ల ఈ ఏడు పండుగ లేదు. నువ్వు పోయిరా."

"మనం చెయ్యడం లేదు కదక్కా, ఊరికే చూడ్డమేగా?"

"సూసుడు గూడ పండుగనే."

ఉద్యోగం కోసం సముద్రం దాటిన మనిషి పండుగ కోసం గడప దాటనంది. అది మొండితనమనే అనుకున్నాను. నిజానికి ఆమె ఆ నాలుగు నెలల్లో ఎవరి ముందూ కంటతడి పెట్టలేదు. పదిమంది సంబరంలోకి వెళ్తే ఆ కట్ట తెగుతుందని భయపడిందని తర్వాత తెలిసింది.

సాయంత్రం పెద్దాయనే మేముండే హాస్టల్‌కు వచ్చాడు. సంగతి విని వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో కూడబలుక్కుని చెప్పాడు. వాళ్ళకు ఈ రోజుల్లోనే పోయినవాళ్ళు ఇంటికి వచ్చి వెళతారట. ఈ నిప్పు పువ్వులు వాళ్ళ కోసం కూడానట. తన భార్య పోయాక తానూ ఏటా వెళుతున్నాడట. చివర అక్కను అడిగాడు: "మీరు రాకపోతే, మీ ఆయన ఎవరి పక్కన కూర్చుని చూస్తాడు?"

అక్క నా వైపు తిరిగి, "అంటే మన పెత్రమాస లెక్కనే" అంది. బతుకమ్మ మొదలయ్యే అమావాస్యనాడు మా ఉప్పల్ వైపు పోయినవాళ్ళ పేరున బియ్యం ఇస్తారు, దాని సంగతి. "మనం బియ్యమిస్తం, వీళ్ళు నిప్పు సూపిస్తున్రు. పా, పోదాం." పొద్దున కలిపిన పులిహోర డబ్బా చంకన పెట్టుకుని నాకన్నా ముందు మెట్లు దిగింది.

నది గట్టంతా చాపలే. పూల నూలు అంగీలు చుట్టుకుని, నడుముకు వెడల్పాటి పట్టీలు కట్టుకుని ఆడవాళ్ళు చెక్క చెప్పులు టకటకలాడిస్తూ వస్తున్నారు. బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుతున్నాయి. మా పెద్దాయన పొద్దున్నే వచ్చి చాప పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి వెళ్ళాడట. అది అంగుళం కూడా జరగకుండా మా కోసం అక్కడే ఉంది. అక్కకు అన్నిటికన్నా పెద్ద వింత అదే.

"పొద్దుగాల సాప పరిస్తే పొద్దుమీకెదాక ఎవ్వరు ముట్టరా? మా ఉప్పల్ల అయితే సాపతోని రాళ్ళు గూడ మాయమైతయి!"

చీకటి పడ్డాక మొదటి జువ్వ లేచింది. సన్నగా ఈల వేసుకుంటూ పైకి పోయి, ఒక క్షణం ఏమీ లేక, ఆ తర్వాత ఆకాశమంత చామంతి. అది పూర్తిగా రాలి నల్లబడేదాకా ఇంకొకటి వెయ్యలేదు. ఆ మధ్యలో అన్ని వేలమందీ చీకట్లోకి చూస్తూ ఊరకున్నారు. బాగా పేలినప్పుడు మాత్రం జనం ఒక్క గొంతుతో ఏదో అరిచేవారు. ఏమిటని అడిగాను. ఎప్పుడో మూతపడిన ఒక బాణసంచా దుకాణం పేరట. వాళ్ళు లేకపోయినా పేరు పిలవడం మానలేదట.

అక్క ఆ మాట విన్నది. తర్వాతిది బంగారు రంగులో విచ్చుకుని వేపకొమ్మల్లా నీళ్ళదాకా దిగుతుండగా లేచి నిలబడింది. ఫ్యాక్టరీ అదిరే ఆ గొంతుతో భర్త పేరు పిలిచింది. ముందూ వెనకా ఏమీ లేదు, పేరు ఒక్కటే. అది పేరని కూడా చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు. పెద్దాయనకు తెలిసింది. తల వంచాడు. అక్క కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. ఆ తర్వాత డబ్బా మూత తీసి మా ఇద్దరికీ పులిహోర పెట్టింది. ఆయన కారానికి నీళ్ళు తాగుతూనే ఇంకోసారి వడ్డించుకున్నాడు.

మరుసటి వేసవి కూడా మమ్మల్ని పంపారు. ఆ ఏడు ఏ ఊళ్ళో ఎప్పుడు పండుగో అక్కే కనుక్కుంది. సముద్రం ఒడ్డునొకటి, కొండల మధ్య చిన్న ఊళ్ళోనొకటి, రెండింటికీ నన్ను లాక్కెళ్ళింది. పొద్దున్నే చాప పరిచేది ఆమే. ప్రతిచోటా ఒక్కసారి లేచి పేరు పిలిచేది.

తిరిగొచ్చాక దీపావళికి మా వీధి చివరి ఖాళీ జాగాలో తెల్లారేసరికి చాపలు పరిచింది. ఎవరి గుమ్మం ముందు వాళ్ళు పోటీపడి కాల్చుడు కాదు, అందరం ఒక్కచోట కూర్చుని ఒకటొకటిగా చూద్దామంది. సాయంత్రానికి ఒక్క చాప లేదు. టెంట్ హౌస్ అన్న తన సామానేననుకుని రిక్షాలో వేసుకుపోయాడు. బతుకమ్మకు ఇచ్చినవి ఇంకా రాలేదని పాపం చూసుకుంటున్నాడట. అక్క వెళ్ళి చాపలతోపాటు ఆయన్నూ తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. "ఒకటి ఆరేదాక ఇంకోటి ముట్టియ్యొద్దు" అన్న ఆమె శాసనాన్ని ఆ రాత్రి ఎవరూ పాటించలేదు. మూడో ఏటికి వీధంతా అలవాటు పడింది. ఏటా ఒక్క జువ్వకు అక్క లేచి పేరు పిలిచేది. ఆ తర్వాత ఎవరి మనుషులను వాళ్ళు పిలుచుకునేవాళ్ళు.

ఆ శాసనం ఫ్యాక్టరీలోనూ నడిచేది. నేను రెండు పనులు కలిపి చేస్తుంటే, "ఒకటి ఆరనియ్యి" అని భుజం తట్టేది. కరెంటు పోతే జపాన్ నుంచి తెచ్చిన కాగితపు విసనకర్రతో తనకు కాదు, పక్కవాళ్ళకు విసిరేది. ఆ విసురులో ఆమె నాకిచ్చిన ధైర్యం మీద నేను ఇప్పటికీ బతుకుతున్నాను.

ఇక మొన్నటి దీపావళి. అక్క పోయిన ఏడు, కాబట్టి వాళ్ళింట్లో పండుగ లేదు. మరి వీధికి? అక్క కూతురి పెదనాన్న వచ్చి, "ఈ ఏడు బంద్ పెట్టున్రి బిడ్డా, నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు. ఈ ఏడు ఆగితే ఇక ఎప్పటికీ ఆగిపోతుందని నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపు అమ్మాయే చెప్పింది: "పండుగ చేస్తలేను పెదనాన్నా. కొత్తబట్టల్లేవు, పిండివంటల్లేవు. అమ్మను పిలుస్త, గంతే." అచ్చం అక్క గొంతే. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, "ఎన్ని గంటలకు రమ్మంటవ్?" అన్నాడు.

పొద్దున్నే అక్క చాప పరిచాం. టెంట్ హౌస్ అన్న అడగకుండానే నాలుగు ఇటుకలు తెచ్చి మూలలకు పెట్టాడు. "మేడమ్ సాప. ఎవడు ముట్టుకుంటడో సూస్త" అన్నాడు. దాని మీద విసనకర్ర పెట్టాను. సాయంత్రం జాగా నిండిపోయి పిల్లలు నిలబడాల్సి వచ్చింది, అయినా ఆ చాప మీద ఎవరూ కూర్చోలేదు.

మొదటి జువ్వ లేచింది. విచ్చుకుంది, రాలింది, నల్లబడింది. వీధంతా ఊరకుంది. అప్పుడు అమ్మాయి "అమ్మా" అని పిలిచింది. టెంట్ హౌస్ అన్న "మేడమ్" అన్నాడు. ఆమె అసలు పేరు పిలవాలని నేను ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను. తీరా లేచి నిలబడితే "అక్కా" అనే వచ్చింది, నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

తెల్లవారి పాలకు వెళుతూ చూశాను. జాగా అంతా కాగితపు ముక్కలు. మధ్యలో చాప అలాగే ఉంది, మంచుకు తడిసి, నాలుగు మూలలా ఇటుకలతో. విసనకర్ర మీద సన్నగా బూడిద రాలి ఉంది.